వెన్ను నీటి కబురు

ఇరవై తొమ్మిదేళ్ళకి రిటైరయ్యానంటే మా ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నవ్వుకోనీండి. కాశీబుగ్గలో నేను పనిచేసిన ల్యాబు మూతపడింది. మేడమ్‌గారు కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు, మైక్రోస్కోపు ఎవరో కొనుక్కుపోయారు, బోర్డు దించేశారు. ఇంటర్ తప్పి పద్దెనిమిదేళ్ళప్పుడు అందులో చేరాను. ఇంకో ల్యాబుకి వెళ్ళాలని లేదు. అందుకని రిటైరయ్యాను. పెన్షన్ లేదు, సన్మానం లేదు, నాతో పనిచేసిన సింహాచలం గారు మాత్రం ఒక మిఠాయి పొట్లం ఇచ్చారు.

ఇప్పుడు మా పిన్ని కూతురు టెక్కలిలో ఒక ల్యాబులో చేరుతోంది. మొన్న ఫోన్ చేసి, "అప్పా, నానేటేటి నేర్సుకోవాల?" అని అడిగింది. మా వైపు అప్ప అంటే అక్క. రక్తం తీయడం, సీసాల మీద పేర్లు అంటించడం, ఐసు పెట్టి డబ్బా కట్టడం, అవన్నీ వాళ్ళే నేర్పుతారే అన్నాను. వాళ్ళు నేర్పనిది ఒకటుంది. అది ఫోన్‌లో చెప్పేది కాదని ఇలా రాయడానికి కూర్చున్నాను. నాకు మాటలు ఎక్కువ, చదువు తక్కువ. ఎక్కడైనా దారి తప్పితే సర్దుకోండి.

మా ల్యాబు అలవాటు

మా వైపు ల్యాబు అంటే ముందు కిడ్నీయే. ఉద్దానం ఊళ్ళ నుంచి పొద్దున్నే ఆటోలు దిగుతాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు "బాగున్నావా" అని అడగరు, "నీకెంత?" అని అడుగుతారు. ఎంత అంటే కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ ఎంత అని. ఒకటి దాటలేదన్నవాళ్ళు మొహం వెలిగించుకుని టీకి వెళ్తారు. దాటినవాళ్ళు అక్కడే కూర్చుని చెప్పుల వైపు చూసుకుంటారు. తలనొప్పి వచ్చినా, వాంతి వచ్చినా, కాళ్ళు లాగినా మా వాళ్ళకి తోచేది ఒక్కటే. అది కాదని తెలిస్తే చాలు, ఇంకేమీ లేదనే అనుకుంటారు. ఇది గుర్తు పెట్టుకో చెల్లీ, తర్వాత కావాలి.

మా ల్యాబులో రిపోర్టు చెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసిపెట్టలేదు, అలా అలవాటైపోయింది. రిపోర్టు బాగుంటే మేమే ఫోన్ చేసి చెప్పేవాళ్ళం. పాపం, దూరం నుంచి ఆటో చార్జీలు పెట్టుకుని రావడం ఎందుకని. బాగోకపోతే, "ఎవరినైనా తోడు తీసుకుని ఒకసారి రండి" అనేవాళ్ళం. ఏమిటో ఎందుకో ఫోన్‌లో చెప్పేవాళ్ళం కాదు. ఈ సంగతి మందస నుంచి సోంపేట దాకా అందరికీ తెలుసు. తోడు తీసుకుని రమ్మన్నామంటే అవతల ఏడుపు మొదలయ్యేది. మంచి పద్ధతే అనుకునేవాళ్ళం. నేనూ అలాగే అనుకున్నాను.

మేడమ్‌గారి గురించి రెండు మాటలు. ఆవిడ పెథాలజీ డాక్టరు. మా ఊరు కాదు, మా యాస కాదు. కోపం వస్తే పేరు పెట్టి పిలవడం మానేసి "ఏమండీ" అనేవారు. నేను చేరిన కొత్తలో ఒక సీసా ఎండలో ఉండిపోయిందని తెలిసి, దాన్ని నా ముందే పారబోసి, "ఏమండీ, పేషెంటుకి మీరే చెప్పండి, మళ్ళీ సూది పొడవాలని" అన్నారు. ఆ పేషెంటు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ వినిపిస్తాయి. ఆవిడ దగ్గర జీతం ఎప్పుడూ తక్కువే, పెంచమంటే వినిపించుకునేవారు కాదు. కానీ తెలియనిదాన్ని తెలియదని చెప్పే డాక్టర్లని నేను ఎక్కువమందిని చూడలేదు. ఆవిడ చెప్పేవారు.

సింహాచలం గారు మా టెక్నీషియన్. ముప్పై ఏళ్ళ అనుభవం, మనసు వెన్న. మంచి రిపోర్టు వస్తే ఆయన చెయ్యి ఫోన్ మీదకి దానంతటదే వెళ్ళిపోయేది.

దమయంతప్ప

దమయంతప్ప జీడి పిక్కలు కొట్టే మనిషి. మందస దాటాక తోటల్లో వాళ్ళ ఊరు. కాశీబుగ్గలో పిక్కలు కాల్చి పప్పు తీసే ఒక జీడి బట్టీకి పనికి వచ్చేది. పలచగా, పొడుగ్గా, పెద్ద గొంతు. ఆమె మెట్లెక్కుతుంటేనే లోపల నాకు తెలిసిపోయేది. అంతకు మూడేళ్ళ క్రితం రొమ్ములో గడ్డ అని విశాఖలో ఆపరేషన్ చేశారు. మందులు ఎక్కించారు, జుట్టు పోయి మళ్ళీ వచ్చింది. అయిపోయిందనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

ఒకరోజు తల పట్టుకుని వచ్చింది.

"ఏటే రమణీ, నీ సూదులు మొద్దుబారినాయా, పదునుగా ఉన్నాయా?"

"నీకోసం కొత్తది తీసి ఉంచాను అప్పా. ఏమైంది?"

"తలకాయ్ నొప్పే. పొద్దున్న లెగిత్తే వాంతు. నాకూ కిడ్నీ ఒచ్చీసినాదేటోనని మీ బావ బెంగెట్టుకున్నాడు. బేగి సూసి సెప్పు, మజ్జానం బట్టీకి ఎల్లాల."

రక్తం తీసేటప్పుడు వేలు ఒత్తాను. నొప్పి తెలియలేదంది. "ఏళ్ళు మొద్దెక్కిపోనాయే, జీడి సమురు కాదేటి" అని నల్లబడిన వేళ్ళు నా మొహం ముందు ఆడించి నవ్వింది. నేనూ నవ్వాను. జీడి పని చేసేవాళ్ళ వేళ్ళు ఎవరివి మొద్దెక్కవు? బట్టీలో పనిచేసే ఆడవాళ్ళందరూ అదే మాట అంటారు.

క్రియాటినిన్ మామూలుగానే వచ్చింది. సింహాచలం గారు ఫోన్ చేశారు. మర్నాడు దమయంతప్ప పొట్లంలో జీడి బద్దలు కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. బట్టీలో ఏరేసినవి, విరిగినవి. "గుండు పప్పు మాబోటోల్లకి రాదే, ఇయ్యే తిను" అంది. ఆరోజు ఆమె అంత సంతోషంగా ఉంది. తలనొప్పి మాత్రం అలాగే ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. కిడ్నీ కాదు కదా!

చూడు చెల్లీ, ఇది ఒక్కరి తప్పు కాదు. మా వైపు అందరిదీ ఒకే భయం. ఆ భయం తీరగానే ఇంకో వైపు చూడం. తలనొప్పికి కిడ్నీ కాదన్న మాట ఉంది, మొద్దుకి జీడి చమురు ఉంది. ఆమె ఒంట్లో జరుగుతున్న ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంది. ఆ ఆపరేషన్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

వెన్నులో సూది

తర్వాత కొన్ని వారాలకి ఆమెకి ఒకటి రెండుగా కనపడటం మొదలైంది. బట్టీలో పిక్క మీద పడాల్సిన దెబ్బ వేలి మీద పడింది. అప్పుడు పలాసలో ఫిజీషియన్ దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన పాత కాగితాలన్నీ చదివి, స్కానింగ్ చేయించారు. అందులో తేలలేదు. వెన్ను నీరు తీయాలన్నారు.

మెదడు చుట్టూ, వెన్ను లోపలా నీరు ఉంటుంది. క్యాన్సర్ ఒక్కోసారి గడ్డ కట్టకుండా ఆ నీటి పొర పట్టుకుని పాకుతుంది. అలాంటిది స్కానింగులో దొరక్కపోవచ్చు. నీరు తీసి చూడాలి. ఇదంతా మేడమ్‌గారు నాకు తర్వాత చెప్పారు.

ఆ ఆసుపత్రిలో పెథాలజీ డాక్టరు లేరు. నీరు మా ల్యాబుకే రావాలి. తీసిన వెంటనే తేవాలి, ఆలస్యమైతే అందులో కణాలు చితికిపోతాయి. అందుకని మేడమ్‌గారు నన్ను ముందే పంపించారు. నేను వెళ్ళేసరికి వరండాలో గొడవ జరుగుతోంది.

"ఎన్నులో నీరు తీత్తే కాల్లు పడిపోతాయంతన్నారు. ఒద్దు" అంటున్నాడు తవిటయ్య బావ. దమయంతప్ప మొగుడు. కొబ్బరి చెట్లెక్కే మనిషి. అంత ఎత్తు ఎక్కడానికి భయపడడు కానీ ఆ సూది మాటకే బెదిరిపోతున్నాడు.

"ఎవులన్నారు?" అంది దమయంతప్ప.

"అందరూ అంతన్నారు."

"అందరూ నా పిల్లని సాకుతారేటి? నోర్ముయ్యి."

అని నా వైపు తిరిగింది. "రమణీ, నా పిల్ల బుజ్జికి ఎనిమిదేల్లు. ఇది అదే అయితే దానికి నానే సెప్పాల. కాకపోతే ఒట్టినే పిల్లని అదరగొట్టకూడదు. నాకు తెల్సాల. అంతే."

అప్పుడు చెప్పింది, ఆమె వాళ్ళమ్మ పోయినప్పుడు సంగతి. ఆమెకీ అదే వయసు. అమ్మకి బాగా లేదని ఎవరూ చెప్పలేదు. "పిన్నమ్మింటికి ఎల్లి ఆడుకో" అని బట్టలు మూటగట్టి పంపించేశారు. సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ ఇసకలో ఆడుకుని, చేపల కూర తిని, కొత్త గౌను వేసుకుని తిరిగొచ్చింది. వచ్చేసరికి ఇంట్లో అమ్మ మంచం లేదు. "నాను ఆడుకుంతన్నప్పుడు మాయమ్మ పోనాదే. నా పిల్లకి అలగ అవకూడదు."

తవిటయ్య బావ పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

లోపల పక్కకి తిరిగి పడుకోబెట్టి, మోకాళ్ళు పొట్టలోకి ముడవమన్నారు. ఆమెకి అర్థం కాలేదు. "రొయ్యలాగ అప్పా" అన్నాను. ఆ నొప్పిలో కూడా, "మరి ఉప్పూ కారం ఎయ్యరేటి?" అంది. నర్సు నవ్వాపుకోలేకపోయింది. నీరు చుక్కచుక్కగా సీసాలోకి పడింది. తేటగా, పన్నీరులా ఉంది. అంత తేట నీటిలో ఏముంటుందిలే అనుకున్నాను. అదే సమయంలో చేతిలోంచి రక్తం కూడా తీయించారు.

"రెండూ ఎందుకు మేడమ్?" అని ల్యాబుకి వచ్చాక అడిగాను.

"క్యాన్సర్ కణాలు దొరికితే సందేహం లేదు. మొదటిసారి చాలామందిలో దొరకవు. దొరక్కపోయినా, ఆ కణాలు వదిలే పదార్థం ఒకటి నీటిలో కలుస్తుంది. దాన్నే మార్కర్ అంటాం. అది రక్తంలో కంటే నీటిలో ఎక్కువ ఉందనుకో, రక్తం నుంచి వచ్చింది కాదు, అక్కడే పుడుతోందని అనుమానించాలి. దానికి విశాఖ పంపాలి. అదొక్కటే సాక్ష్యం కాదు కానీ, వదిలెయ్యకూడని సాక్ష్యం."

ఫోన్

ఆ సాయంత్రం మేడమ్‌గారు మైక్రోస్కోపు మీద చాలాసేపు వంగి ఉన్నారు. క్యాన్సర్ కణాలు కనపడలేదు. అదే రాశారు. "ఇంకోసారి నీరు తీసి చూడాలని డాక్టరుగారితో మాట్లాడతాను. విశాఖ నుంచి మార్కర్ వచ్చేదాకా ఆగు" అని నాతో చెప్పి ఇంటికి వెళ్ళారు. సింహాచలం గారు అప్పుడు లోపలి గదిలో ఉన్నారు. ఆ మాట వినలేదు.

మర్నాడు నేను వచ్చేసరికి ఆయన మొహం కళకళలాడుతోంది. "మీ దమయంతప్పకి ఏటీ నేదే! ఫోన్ చేసీసినాను. మీ బావ ఏడ్సీసినాడు పాపం" అన్నారు.

ఆయన్ని తిట్టాలని ఇప్పటికీ నాకు అనిపించదు. కాగితం మీద "కనపడలేదు" అని ఉంది. మా ల్యాబులో కనపడలేదంటే లేదనే. అన్నేళ్ళూ అందరం అలాగే చెప్పాం. నేను ఫోన్ దగ్గర ఉన్నా ఏమనేదాన్నో నాకు తెలియదు.

మేడమ్‌గారు విని కుర్చీలో కూర్చుండిపోయారు. కోప్పడలేదు. "ఏమండీ" అని కూడా అనలేదు. "వాళ్ళని మళ్ళీ రమ్మను, రెండోసారి నీరు తీయాలి" అన్నారు.

నేను ఫోన్ చేశాను. దమయంతప్పే ఎత్తింది. వెనకాల రేడియో మోత.

"ఓలమ్మా, మల్లీ ఏటే? ఏటీ నేదన్నారు గదా. నాను బుజ్జికి ఏటీ సెప్పనేదు, బతికిపోనాను. మాటలన్నీ కూడగట్టుకుని ఉంచినాను తెల్సా, ఎలగ మొదలెట్టాల, ఎక్కడ ఆపాల అని. అన్నీ పారబోసీసినాను. ఇంక ఆ సూదికి నాను రాను."

తవిటయ్య బావ ఫోన్ లాక్కుని, "ఒకపాలి నేదంతారు, ఒకపాలి రమ్మంతారు. మీకు సూదులమ్ముకోడం తప్ప పనేటి?" అని పెట్టేశాడు.

ఆ తర్వాత విశాఖ నుంచి మార్కర్ వచ్చింది. రక్తంలో మామూలుకి కాస్త పైన. నీటిలో దానికంటే చాలా ఎక్కువ. మేడమ్‌గారు ఆ కాగితం పట్టుకుని ఫిజీషియన్ గారితో మాట్లాడారు. వెంటనే ఆమెని విశాఖ పంపాలన్నారాయన. నేను ఫోన్ చేసి, "బావా, దమయంతప్పని తీసుకుని ఒకసారి రండి" అన్నాను. బావ వెంటనే పెట్టేశాడు. తర్వాత ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ కలవలేదు. ఆ మాటకి అర్థం మా వైపు తెలియని మనిషి ఎవడు?

"వెళ్ళి తీసుకురా" అన్నారు మేడమ్‌గారు. "రిపోర్టు నువ్వు చెప్పకు. డాక్టరు రమ్మన్నారని చెప్పు."

పొయ్యి

మందసలో ఆటో మారి వెళ్ళాను. వాళ్ళింటి ముందు కొబ్బరి డొక్కలు పోగేసి ఉన్నాయి. తవిటయ్య బావ వాటి మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"దానికి సెప్పకే రమణీ. నీ కాల్లట్టుకుంతాను."

"డాక్టరుగారు రమ్మన్నారు బావా. అంతే."

"పొద్దున్న నన్ను ‘నాన్నా’ అని పిల్సినాది. మల్లీ దానంతటదే సర్దుకున్నాది. నాకు బయమేత్తంది."

లోపలి నుంచి ఆ పెద్ద గొంతు. "ఎవులది? రమణేనా? రావే. ఆడు నీ కాల్లట్టుకోడం తర్వాత, ముందు నా దగ్గిరికి రా."

గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక కన్ను మూసుకుని నన్ను చూసింది. రెండూ తెరిస్తే ఇద్దరిలా కనపడుతున్నానట. "ఒక రమణినే బరించలేం, ఇద్దరేటి" అంది. తర్వాత నవ్వు ఆపేసి అడిగింది. "ఫోన్ సెయ్యకుండా మనిషివే ఒచ్చినావంటే ఏటన్నమాట?"

చెప్పొద్దన్న మాట నాకు గుర్తుంది. ఆమె వాళ్ళమ్మ సంగతీ గుర్తుంది. నేను చెప్పాను. తప్పు చేశానని నేను ఈరోజుకీ అనుకోను.

"అప్పా, కాశీబుగ్గలో బజార్లో నిలబడితే జీడి కాల్చే వాసన వస్తుంది కదా. బట్టీ ఎక్కడుందో కనపడదు."

"కనపడదు. వాసనే."

"బజారులో కొంచెమే ఉండి, మనింట్లో కళ్ళు మండేంత ఉంటే?"

మొద్దెక్కిన వేళ్ళని ఒకదానితో ఒకటి రుద్దుకుంది.

"పొయ్యి ఇంట్లోనే ఉన్నాదన్నమాట" అంది.

"అవును అప్పా. నీ రక్తంలో కంటే నీ వెన్ను నీటిలోనే ఎక్కువుంది."

ఏడవలేదు. "బుజ్జి ఇస్కూలికెల్లింది. సాయంత్రం ఒత్తాది. దానికి సెప్పినాకే బండెక్కుతాను" అంది. ఇప్పుడే పిలిపిద్దామన్నాను. "ఒద్దే. పిలిత్తే బయపడతాది. దాని మానాన అది రానీ. నాను మాటలు మల్లీ కూడగట్టుకోవాల" అంది.

ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ కూర్చుంది. నడుమ ఒకసారి వాంతి అయింది. తర్వాత నిద్రపోయింది. లేచాక నన్ను పేరు పెట్టి పిలవలేదు. తల నొప్పి ఎక్కువగా ఉందనుకున్నాను.

బుజ్జి వచ్చింది. రెండు జడలు, ఒకదానికి రిబ్బను లేదు. అమ్మ దగ్గరికి పరిగెత్తి, నన్ను చూసి ఆగింది. దమయంతప్ప చెయ్యి చాచి పిల్ల గడ్డం పట్టుకుంది.

"దమయంతీ" అంది. తన పేరుతో, తన బిడ్డని. "దమయంతీ, ఇలగ రా. మీయమ్మకి బాగోనేదమ్మా. మీయమ్మ బతకదేటో. ఎవులూ నీకు సెప్పరు, నాను సెప్తన్నాను. నిన్ను పిన్నమ్మింటికి పంపీసినారేటి? ఎల్లకు. ఎవులు పంపినా ఎల్లకు. ఇంటికాడే ఉండు."

తవిటయ్య బావ గుమ్మంలో నిలబడి వింటున్నాడు. అన్ని రోజులు కూడగట్టుకుని, పారబోసుకుని, మళ్ళీ కూడగట్టుకున్న మాటలు. అవి వచ్చాయి. మనిషే అటూ ఇటూ అయిపోయింది.

బుజ్జి నా వైపు చూసింది, నాన్న వైపు చూసింది. పుస్తకాల సంచీ దింపేసి అమ్మ ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.

"నన్నెవులూ పంపనేదమ్మా" అంది. "ఇక్కడే ఉన్నాను."

ఆ తర్వాత

ఆ రాత్రికే విశాఖ తీసుకువెళ్ళారు. రెండోసారి తీసిన నీటిలో కణాలు కనపడ్డాయి. వెన్నులోకే మందు ఎక్కించారు. కొన్నాళ్ళు తేరుకుంది, పిల్లని బుజ్జీ అనే పిలిచింది. బుజ్జిని పక్కనే ఉంచుకున్నారు, ఎక్కడికీ పంపలేదు. వానాకాలం రాకముందే దమయంతప్ప పోయింది. ముందే తెలిస్తే బతికేదా అని మేడమ్‌గారిని అడిగాను. "బతికేదని చెప్పలేను. తెలివిలో ఉన్న రోజులు ఇంకొన్ని తన చేతిలో ఉండేవి" అన్నారు. నాకు ఆవిడ మీద ఎప్పుడైనా కోపం ఉంటే ఆరోజు పోయింది.

ఫోన్ పద్ధతి మానేశాం. కనపడకపోతే, "ఈ నీటిలో కనపడలేదు, లేదని మాత్రం చెప్పలేం, ఇంకా చూడాలి" అనడం సింహాచలం గారే మొదలుపెట్టారు. ఆయన గొంతుకి ఆ మాట అలవాటవడానికి చాలాకాలం పట్టింది. విన్నవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కోనీ. నువ్వూ అలాగే చెప్పు చెల్లీ. ఎదుటి మనిషికి సంతోషం ఇచ్చెయ్యాలని మన నోరు తొందరపడుతుంది. ఆ సంతోషం మనది కాదు. అది తిరిగి తీసుకోవాల్సి వస్తే ఎదుటివాళ్ళ దగ్గర ఏం మిగులుతుందో నేను చూశాను.

ల్యాబు మూసేముందు ఒకరోజు బుజ్జి వచ్చింది. ఎదిగింది, గొంతు అచ్చు వాళ్ళమ్మదే. జ్వరమని తవిటయ్య బావ తెచ్చాడు. రక్తం తీశాను, వేలు ఒత్తితే "అబ్బా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. బావ బయట టీ తాగుతున్నాడు. రిపోర్టు తయారయ్యాక ఆయన్ని పిలవబోయాను.

బుజ్జి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నకి కాదు రమణి పిన్నీ. ముందు నాకు సెప్పు."

బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా కాగితం మొత్తం చదివి చెప్పాను.